నెర్రను చూసినవాళ్లం

మంజుల వచ్చేసరికి నేను వనపర్తిలో మా ఇంటి వెనక వరండాలో కూర్చుని చింతకాయ తొక్కు దంచుతున్నాను. ఉప్పు, పసుపు, పులుపు కలిసి చేతులు రెండూ మండుతున్నాయి. తను గేటు తీసుకుని వచ్చి, బండి తాళాలు కిటికీలో పడేసి, అడగకుండానే వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగి, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూలబడింది. మంజుల మా పెద్దమ్మ ఈదమ్మకు మనవరాలు, పెద్దమ్మ కూతురు చంద్రమ్మ బిడ్డ. నన్ను చిన్నమ్మా అంటుంది. గద్వాల పొలిమేరలో కడుతున్న ఒక పెద్ద భవనం దగ్గర సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తోంది. అంటే పనిచేసేవాళ్లు పడకుండా, వాళ్ల మీద ఏదీ పడకుండా చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, దానికి కూడా ఒక ఉద్యోగం వచ్చిందా అని నేను చాలాసేపు ఆశ్చర్యపోయాను.

"చిన్నమ్మా, నువ్వొకసారి మా సైటుకు రావాలె," అంది.

"నేనెందుకే? బడిల పాఠాలు చెప్పినదాన్ని, నాకేం తెలుసు?"

"మా అవ్వ సంగతి చెప్పాలె. నా మాట ఎవ్వరు వింటలేరు. హెల్మెట్ పెట్టుకోమంటె పెట్టుకుంటుండ్రు, నేను అటు తిరగంగనె తీస్తుండ్రు. బోర్డులు పెట్టినం, సంతకాలు తీసుకుంటున్నం. రోజు పొద్దుగాల అందర్ని నిలవెట్టి చెప్తున్న, అందరు తలకాయ ఊపుతరు. పోయిన నెల ఒకాయన మెట్ల మీదికెల్లి పడ్డడు, చెయ్యి విరిగింది. అక్కడ పట్టుకునే కమ్మి ఊడిన సంగతి ముగ్గురికి ముందుగాలనె తెలుసట చిన్నమ్మా. ముగ్గురికి! ఒక్కరు గూడ నాకు చెప్పలే." అరచేత్తో ముఖం తుడుచుకుంది. "మా అవ్వ అంతమందిని ఎక్కడెక్కడనో తిప్పింది. ఆమె గుంపుల ఎవ్వరికి ఏం గాలేదంట గద. ఎట్ల నడిపిందో జర వచ్చి చెప్పు."

నా చేతిలో రోకలి ఆగిపోయింది. "ఏం గాలేదని ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాను.

"అమ్మనే చెప్పింది."

చంద్రమ్మక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంగతి తనంతట తాను కడుక్కుని శుభ్రమైపోయి ఉంటుంది. మంజులకు ఊహ తెలిసేనాటికి మా అమ్మ బుచ్చమ్మ కుంటుతూనే నడిచేది. పిల్లలకు అది అమ్మమ్మల నడకల్లో ఒక నడక మాత్రమే. ఎందుకు కుంటుతుందని ఎవరూ అడిగి ఉండరు. వస్తానని మంజులకు మాట ఇచ్చాను. తను వెళ్లిపోయాక తొక్కులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక మళ్లీ వేశాను. ఆ వారం అంతా, ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తెగలేదు.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. మా ఊరు బిజినేపల్లికి దగ్గర. వానలు సరిగ్గా పడని ఏళ్లలో, అంటే దాదాపు అన్ని ఏళ్లలోనూ, మా పక్క ఊళ్ల మనుషులు గుంపులుగా దూరపు పనులకు పోయేవారు. కాలువలు, డ్యాములు, రోడ్లు, ఎక్కడ మట్టి తియ్యాల్సి ఉంటే అక్కడికి. గుంపుకు ఒక మేస్త్రి ఉండేవాడు. మా గుంపుకు పెదనాయన మేస్త్రి. ఆయన దగ్గుతో మంచం పట్టిన ఏడాది మేస్త్రి ఎవరని ఊళ్లో కొన్నాళ్లు చర్చ నడిచింది. చర్చ ఇంకా తేలకముందే ఒక పొద్దున పెద్దమ్మ లారీ ముందు నిలబడి పేర్లు పిలిచింది. పిలిచినవాళ్లు పిలిచినట్టు ఎక్కారు. ఆమెను మేస్త్రిని చేసింది ఎవరని అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి అమ్మతో పాటు ఆ లారీ ఎక్కాను. అప్పటికి నాకు పదహారు దాటాయి.

కృష్ణ దాటి, కన్నడం మాట్లాడే ఊళ్ల మధ్య ఒక పెద్ద కాలువ పని. నల్లరేగడి నేల. కాలువ పక్కనే వరసగా మా గుడిసెలు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వాసనే. తెల్లవారుతూనే ఇరవై పొయ్యిల మీద జొన్నరొట్టెలు కాలే వాసన, దాని వెనకే కిరసనాయిలు వాసన, ఆ రెంటి కిందా ఎప్పుడూ ఉండే తడిమట్టి వాసన. రొట్టెల చప్పుడు సద్దుమణిగే లోపల పెద్దమ్మ బయలుదేరేది. చీరను గోచి పోసి కట్టి, నోట్లో ఆకు, వక్క పెట్టుకుని, చెప్పులు లేకుండా కాలువ అంచు పొడవునా నడిచేది. పది అడుగులకొకసారి మడమతో నేలను గట్టిగా తన్నేది. మెట్లుగా వేసిన పలకలను ఒక్కొక్కటి ఊపి చూసేది. తిరిగి వచ్చి, తట్టలు పట్టుకుని నిలబడ్డ మమ్మల్ని ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ వరస పొడవునా పోయేది. "నువ్వు నిద్రవోలేదు, పైన్నే ఉండు." "నీ ఒళ్లు కాలుతుంది, పోయి పండు." "పాలిచ్చేదానివి, కిందికి దిగకు." ఆమె పండమంటే పండాల్సిందే. సూపర్‌వైజరు పైనుంచి "బేగ, బేగ!" అని అరిచినా ఆమె నడక వేగం పెరిగేది కాదు. వచ్చిన రెండేళ్లలో మా గుంపులో ఒక్కరికి కూడా దెబ్బ తగలలేదు. పక్క గుంపుల్లో కాళ్లు విరిగాయి, ఒకరి కన్ను పోయింది. మా వాళ్లు ఆమెను దేవతను చూసినట్టు చూసేవారు. కాలువలోకి దిగేటప్పుడు నేను ఏనాడూ పైకి చూడలేదు. ఎవరూ చూసేవారు కాదు. చూడ్డానికి పెద్దమ్మ ఉంది కదా.

ఆ గుంపులో ఎల్లమ్మ అని ఒకావిడ ఉండేది. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే తడబడే మనిషి. ఒకరోజు తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయి, "ఈదమ్మక్కా, ఈ పలక ఏందో సప్పుడు చేస్తుంది, ఇరుగుతదేమో," అంది. పెద్దమ్మ వెంటనే వరస మొత్తాన్ని దింపేసింది. పలక కిందికి దూరి చూసింది. బరువైన మగవాళ్లను ఇద్దరిని దాని మీద ఎగరమంది. పలకకు ఏమీ కాలేదు. కింద నుంచి లేచి, చేతుల మట్టి దులుపుకుంటూ పెద్దమ్మ నవ్వింది. "మా ఎల్లమ్మతోని పలకలు గూడ ముచ్చట పెడుతున్నయే!" అంది. అందులో చెడు ఏమీ లేదు. పెద్దమ్మ అరుదుగా నవ్వేది కాబట్టి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు ఆ రోజుతో పోలేదు. నీళ్ల డ్రమ్ము దగ్గర, పొయ్యిల దగ్గర, ఎల్లమ్మ కనిపిస్తే చాలు, "ఇయ్యాల పలక ఏమంటుంది ఎల్లమ్మా?" అని ఎవరో ఒకరు అనేవారు. ఆమె పేరే పలకల ఎల్లమ్మ అయిపోయింది. మొదట్లో ఆమె కూడా నవ్వేది. తర్వాత తల దించుకుని పోయేది.

అది జరిగిన నెలకు కాబోలు, ఒక రాత్రి మంచి వాన పడింది. పొద్దున్నే నేను డ్రమ్ము నుంచి నీళ్లు తేవడానికి కాలువ మలుపు వైపు వెళ్లాను. అంచుకు ఇవతల, నాలుగడుగుల దూరంలో, నేల మీద ఒక నెర్ర కనిపించింది. వేలు దూరేంత వెడల్పు. రేగడి నేలలో ఎండాకాలం నెర్రలు లేని చోటు ఉండదు. వాటి మీద నడిచే పెరిగాం. కానీ అవి చిందరవందరగా, సాలెగూడులా ఉంటాయి. ఇది గీత గీసినట్టు కాలువ అంచు పొడవునా దానికి సమాంతరంగా పోయింది. ఇంకొకటి, వాన పడితే నెర్రలు మూసుకుపోవాలి, ఇది తెరుచుకుంది. ఇదంతా నేను ఆ పొద్దున ఇంత స్పష్టంగా అనుకున్నానా, లేక ఆ తర్వాత ఏళ్ల తరబడి తలుచుకుని తలుచుకుని అప్పుడే అనుకున్నట్టు చేసుకున్నానా? నిజంగా తెలియదు. బిందె చంకన పెట్టుకుని దాని ముందు కాసేపు నిలబడ్డానన్నది మాత్రం నిజం. పెద్దమ్మకు చెప్పాలా అని ఒక్క క్షణం అనుకున్నదీ నిజం. వెంటనే నీళ్ల దగ్గర ఆడవాళ్ల నవ్వు చెవుల్లో వినబడింది. యశోదతో నేల ముచ్చట పెడుతుందట అని నన్నూ అంటారు. అదీ కాక పెద్దమ్మ ఎలాగూ చూసే ఉంటుంది. నేను బిందె నింపుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం బువ్వకు ఇంకా కొంచెం టైం ఉందనగా ఆ అంచు విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. నిండు బస్తాను నేల మీద దింపినట్టు ఒక్క మెత్తటి మోత. నేను మెట్ల మీద ఉన్నాను. తిరిగి చూస్తే, కింద అమ్మ తట్ట నింపుతున్న చోట మట్టికుప్ప ఉంది. అందులోంచి అమ్మ తల, ఒక చెయ్యి బయటికి ఉన్నాయి. మిగతావాళ్లు అవతలికి పరిగెత్తారు. నేను తట్ట విసిరేసి దూకబోయాను. వెనక నుంచి ఎవరో నా జడ పట్టి లాగారు. పెద్దమ్మ.

"ఎవ్వరు దుంకొద్దు! దుంకితె నా మీద ఒట్టు!"

"పెద్దమ్మా, అమ్మ! ఇడువు, అమ్మ!"

నేను ఆమె చేతిని కొరికాను. రక్తం వచ్చింది, అయినా ఆమె వదల్లేదు. ఆమె కింద ఉన్న చెల్లెలి వైపు చూడటం లేదు. తలెత్తి పై అంచునే చూస్తోంది. "పైనున్నోళ్లు ఎనకకు పోండ్రి! ఇంక ఎనకకు!" అని అరిచింది. ఆ క్షణంలో ఆమెను నేను అసహ్యించుకున్నంతగా జీవితంలో ఎవరినీ అసహ్యించుకోలేదు. అమ్మ కింద నుంచి "పోరి ఎక్కడ? నా పోరి ఎక్కడ?" అని అడుగుతూనే ఉంది. అప్పుడు రెండో పెళ్ల విరిగి పడింది. అమ్మకు మూరెడు దూరంలో పడింది. మేము దూకి ఉంటే సరిగ్గా అక్కడే ఉండేవాళ్లం. అది పడ్డాక పెద్దమ్మ నా జడ వదిలి, తన నడుముకు తాడు కట్టించుకుని, అవతలి గట్టు నుంచి ఇంకొకరిని మాత్రమే వెంటబెట్టుకుని దిగింది. "పార ముట్టుకోకుండ్రి, కాలుకు తాకుతది," అంటూ చేతులతో మట్టి తోడింది. ఎంతసేపు తోడిందో నాకు లెక్క లేదు. అమ్మను పైకి తెచ్చేసరికి పెద్దమ్మ గోళ్లు రెండు ఊడిపోయి ఉన్నాయి.

అమ్మను లారీలో దగ్గరి టౌను దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణానికి భయం లేదన్నారు కానీ కుడికాలు రెండు చోట్ల విరిగింది. అక్కడ మా గుంపులోనే ఉన్న చంద్రమ్మక్క తోడు ఉంది. బట్టలు, గిన్నెలు తెమ్మని నన్ను మర్నాడు పొద్దున్నే సైటుకు పంపారు. అందుకే ఆ పొద్దున జరిగింది చంద్రమ్మక్క చూడలేదు, నేను చూశాను.

పెద్దమ్మ అందరినీ గుడిసెల ముందు కూర్చోబెట్టింది. సూపర్‌వైజరు వచ్చి పని మొదలుపెట్టమన్నాడు. "నేను మాట్లాడినంక," అంది ఆమె అతని వైపు చూడకుండానే. చేతులకు పసుపు పూసిన గుడ్డలు చుట్టి ఉన్నాయి. నిలబడి, చాలా మామూలుగా చెప్పింది.

"నిన్న పొద్దుగాల నేను అంచు పొంటి నడిచిన. మలుపుదాంక పోలే. నడుమలనె ఎనకకు వచ్చిన. నాకు జ్వరం ఉండె. జ్వరమున్నోళ్లను మిమ్ముల పండుమంట, నేను మాత్రం పండలే. నా కండ్లను నేనే నమ్ముకున్న. తప్పు నాది." చేతి గుడ్డను పళ్లతో బిగించుకుంది. "మలుపుకాడ నెర్ర ఉండె. రాత్రి పోయి అది ఎంత పొడుగున్నదో చూసిన. మీల ఎవరన్న ముందుగాల చూసిన్రా?"

అందరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. అప్పుడు వెనక వరస నుంచి ఎల్లమ్మ లేచింది.

"నేను చూసిన," అంది.

"చూస్తె చెప్పలేదేందే?"

"చెప్తె మల్ల నెల దినాలు నవ్వుతుంటిరి."

అది కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నట్టు అంది. పెద్దమ్మ నిలబడ్డ చోటే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె కూర్చోవడం అందరూ చూస్తున్నారు. "ముందుగాల నవ్వింది నేనే," అంది. ఎల్లమ్మ నిలబడే ఉంది. నేను కూడా లేచి నిలబడొచ్చు. నేనూ చూశాను అని రెండు మాటలు అంటే చాలు, ఎల్లమ్మ ఒక్కతే అలా నిలబడాల్సిన పని లేదు. నేను గిన్నెలు సర్దే నెపంతో గుడిసెలోకి వెళ్లిపోయాను.

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ పద్ధతి మార్చింది. రోజుకొకరు ముందు నడవాలి. కొత్తగా వచ్చినవాళ్లయినా, నోరు లేనివాళ్లయినా వంతు తప్పదు. ఆమె నాలుగడుగుల వెనక నడుస్తుంది, మాట్లాడదు. నడిచినవాళ్లు వచ్చి అందరి ముందూ చెప్పాలి. మొదట్లో అందరూ "అంత మంచిగనె ఉంది" అనేవారు. "మంచిగున్నది నాకొద్దు. మంచిగ లేనిది ఒకటి చెప్పు," అనేది పెద్దమ్మ. ఒకాయన గట్టు కదులుతోందని చెబితే సగం పూట పని ఆపింది. చూస్తే ఏమీ లేదు. సూపర్‌వైజరు నానా తిట్లు తిట్టాడు. ఆమె పెదవి కొరుక్కుంది, మనసులో ఆయన్ని తిట్టుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది. కానీ తన సంచిలోంచి ఆకు తీసి, వక్క పెట్టి, మడిచి ఆయనకిచ్చింది. నేను చూసింది ఇంతే. పదిహేను రోజులకు అమ్మను తీసుకుని ఊరికి వచ్చేశాను. తర్వాత విన్నవన్నీ ఒకదానితో ఒకటి పొసగవు. ఆ పద్ధతి వల్లే ఆ తర్వాత పదేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదని కొందరు అన్నారు. ఈదమ్మకు భయం పట్టుకుంది, ఆమె వెంట పోతే పని సాగదని ఇంకో గుంపులో చేరిపోయినవాళ్లూ ఉన్నారు. ఎల్లమ్మ కూడా ఆ మరుసటి ఏడు వేరే గుంపుతో వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదనిపించింది.

నన్ను ఎక్కువగా గందరగోళపెట్టేది ఇంకో సంగతి. అమ్మ ఇక పనులకు పోలేదు కాబట్టి ఆమెను చూసుకోవడానికి నేను ఊళ్లోనే ఉండిపోయాను. ఉన్నాను కాబట్టి మళ్లీ బడికి పోయాను. కుంటుకుంటూ అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తుంటే, ఆ వెలుతురులోనే చదివి పది పాసయ్యాను. పంతులమ్మనయ్యాను. ముప్పై ఏళ్లు నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పాను. ఈ ఇల్లు, ఈ వరండా, నాలుగు పుస్తకాలు రాయగలిగిన ఈ చెయ్యి, అన్నీ ఆ విరిగిన అంచు నుంచే వచ్చాయి. ఆ పొద్దున నేను పరిగెత్తి చెప్పి ఉంటే అమ్మ కాలు బాగుండేది. నేను ఇంకా ఎన్నేళ్లు తట్ట మోసేదాన్నో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నా బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది. అమ్మ ఒక్కసారి కూడా నన్నేమీ అడగలేదు. ఆమెకు చెప్పకుండానే ఆమెను సాగనంపాను.

పెద్దమ్మకు మాత్రం చెప్పాను. పోయిన వానాకాలం, ఆమె చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, మంచం పక్కన కూర్చుని. ఆ నెర్రను నేను కూడా చూశాను పెద్దమ్మా, ఆ పొద్దున్నే చూశాను, చెప్పలేదు అన్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఏ కాలువ బిడ్డా? ఎన్ని కాలువలు తవ్వినం," అంది. మర్చిపోయిందో, వద్దనుకుందో నాకు తెలియదు. ఎల్లమ్మ గుర్తుందా అని అడిగాను. కళ్లు మూసుకుంది.

ఇదంతా మనసులో పెట్టుకునే మంజుల చెప్పిన రోజున గద్వాల బస్సెక్కాను. సైటు నేననుకున్నట్టు లేదు. గేటు దగ్గరే నా నెత్తిన హెల్మెట్ పెట్టారు, పసుపురంగు కోటు తొడిగారు. చుట్టూ ఆకుపచ్చ వలలు, ప్రతి మూలా బోర్డులు, వాటి మీద నవ్వుతున్న బొమ్మలు. మా కాలంలో వీటిలో ఒక్కటి కూడా లేదు. ఇవి ఉంటే అమ్మకు అలా జరిగేదా అనుకున్నాను, వెంటనే కమ్మి ఊడిన సంగతి తెలిసిన ముగ్గురూ గుర్తొచ్చారు. వాళ్లూ ఈ బోర్డుల మధ్యే తిరిగి ఉంటారు. నా ముందు నిలబడ్డవాళ్లలో సగం మంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు మేము ఎక్కడికో పోయేవాళ్లం, ఇప్పుడు ఎక్కడివాళ్లో మా దగ్గరికి వస్తున్నారు. నా మాటల్ని వాళ్లకు హిందీలో చెప్పడానికి స్టోరు చూసుకునే రఫీ అనే అతన్ని నా పక్కన నిలబెట్టారు.

పెద్దమ్మ ధైర్యం గురించి చెబుదామనే మొదలుపెట్టాను. మడమతో నేలను తన్నడం దాకా బాగానే సాగింది. ఆ తర్వాత నోరు దానంతట అదే అటు తిరిగింది. ఎల్లమ్మ పలక గురించి చెప్పాను. నెర్ర గురించి చెప్పాను. "చూసినోళ్లం ఇద్దరం. ఎల్లమ్మ తర్వాతనన్న చెప్పింది. నేను ఆ తర్వాత గూడ చెప్పలే. అక్కడ పడ్డది మా అమ్మ," అన్నాను. నేను అన్నన్ని మాటలు చెబితే రఫీ మూడు ముక్కల్లో హిందీ చేసి ఊరుకుంటున్నాడు. వాళ్లకు ఏం అందిందో దేవుడికే తెలియాలి. మంజుల వైపు చూశాను. ఆమె తన చేతిలోని కాగితాలనే చూస్తోంది. ఏమీ కాలేదని ఆమె నమ్మిన గుంపును నేను అందరి ముందూ పడగొట్టానని అప్పుడు అర్థమైంది. చప్పట్లు కొట్టారు, ఎందుకు కొట్టారో తెలియలేదు.

అందరూ పనుల్లోకి పోతుండగా ఒక అమ్మాయి నా వెనకే వచ్చింది. పాతికేళ్లుంటాయి. పేరు లక్ష్మి అట, అచ్చంపేట దిక్కు. "అమ్మా, మీరు చెప్పుండ్రి మేడమ్‌కు," అంది గొంతు తగ్గించి. "రెండో అంతస్తు స్లాబుకు కింద ఇనుప పైపులు ఆనిచ్చిన్రు చూడు, ఆ మూలకు ఒకటి, దాని కింద నేల మెత్తగయింది. నిన్నటిసంది చూస్తున్న. ఇప్పుడు పైన కాంక్రీటు మాలు పోస్తరు."

"నువ్వే చెప్పు బిడ్డా."

"నేనెట్ల చెప్త? ఉత్తదే అయితె?"

ఆమె చెయ్యి పట్టుకుని మంజుల దగ్గరికి నడిచాను. మంజుల విన్నది. విని, పైన పని ఆపించింది. మాలు తెచ్చిన లారీ గేటు లోపల వెనక డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడిపోయింది. సైటు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరు ఇంజినీర్లు ఆ మూలకు పోయి, మట్టం పెట్టి చూశారు, గడ్డపారతో నేల పొడిచి చూశారు. పైన తడిపిన నీళ్లు కారి అంగుళం మేర బురదైంది, దాని కింద నేల రాయిలా ఉంది. పైపు కింద ఇనుప పలక కూడా ఉంది. చాలాసేపటికి అంతా సరిగ్గా ఉందని తేల్చారు. "విన్నరా మేడమ్? లారీల మాలు గట్టివడ్తుంది," అన్నాడు మేనేజరు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. చెప్పమని తీసుకొచ్చింది నేనే కదా. మళ్లీ తప్పు చేశానేమో అనుకున్నాను.

మంజుల అందరినీ పోయి పని మొదలుపెట్టమంది. ముఖం ఎర్రబడి ఉంది. లక్ష్మి ముందు వచ్చి నిలబడింది.

"తప్పు చెప్పిన మేడమ్," అంది లక్ష్మి. "కోపం వచ్చిందా?"

మంజుల ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత లక్ష్మి వైపు తిరిగింది.

"వచ్చింది," అంది. "రేపు గూడ చెప్పు."